ఒకే పేరు, రెండు కిటికీలు

మూడో గదిలో అడుగు పెట్టగానే నీహారికకు కాసేపు కూర్చోవాలనిపించింది.

డిటెక్టివుగా, మనుషులు చచ్చిపోయిన చోట్లు ఆమె చాలా చూసింది. ఎక్కడా ఇలా అనిపించలేదు. తలుపు దాటగానే బయటి చప్పుళ్లన్నీ ఎవరో కత్తిరించినట్టు ఆగిపోయాయి. పైకప్పు దాకా పేర్చిన పెట్టెలు, వాటి మీద పల్చగా పరుచుకున్న నీలం వెలుతురు, పెట్టెల సందుల్లోంచి నెమ్మదిగా వచ్చే ఆపిల్ వాసన. నూతి అడుగున కూర్చుని పైకి చూస్తే నీళ్లు ఎలా కదులుతాయో, ఆ గదిలో వెలుతురు అలా కదులుతోంది.

"భయం లేదు మేడమ్, గాలి మార్చేశాం," అన్నాడు వెనక నుంచి దుర్గేష్. "ఇప్పుడు లోపల ఉన్నది మామూలు గాలే."

దుర్గేష్ ఈ ఫలశ్రీ కోల్డ్ స్టోరేజీకి మేనేజరు, యజమాని గోపాలరావు గారికి మేనల్లుడు. ముప్పై దాటిన మనిషి. ఇబ్రహీంపట్నం రోడ్డు పక్కన మావయ్య ఆరు గదుల షెడ్డు కట్టిన రోజు నుంచీ ఇక్కడే ఉన్నాడు. కొండ ప్రాంతాల నుంచి లారీల్లో వచ్చే ఆపిళ్లను ఈ గదుల్లో నెలల తరబడి ఉంచుతారు. తలుపులు మూసి, గాలిలో ఆక్సిజన్ తగ్గించి, నైట్రోజన్ నింపుతారు. కాయ ఊపిరి మందగించి సగం నిద్రలోకి పోతుంది. కాయకు మంచిదే. మనిషికి మాత్రం ఆ గాలి రంగూ వాసనా లేని చావు. అందుకే ఏ గదిలోకి పోవాలన్నా ముందు గాలి మార్చాలి. కంట్రోల్ రూము తెర మీద ఆ గది అంకె పచ్చగా మారాలి. ఆక్సిజన్ ఇరవై పాయింట్ తొమ్మిది శాతం అంటే బయట మనం పీల్చే గాలే.

పోయిన శుక్రవారం అంజిలయ్య అనే పనివాడు ఆ పచ్చ అంకె చూసే ఈ గదిలోకి వచ్చాడు. మళ్లీ బయటికి రాలేదు.

"ఎక్కడున్నాడు?"

"ఇదిగో, ఇక్కడే. పెట్టెలకు ఆనుకుని కూర్చుని. ఒళ్లో ఒక కాయ ఉంది." దుర్గేష్ ఆ చోటు వేలితో చూపించాడు. "నవ్వుతున్నట్టే ఉన్నాడు మేడమ్. పిలిస్తే పలుకుతాడనుకున్నా."

"పోలీసులు వచ్చాక మీటరు పెట్టి చూశారు కదా. ఎంతుంది?"

"ఆరు దగ్గర."

"తెర మీద?"

"ఇరవై పాయింట్ తొమ్మిది. నేనూ చూశాను. మాకేం తెలుసు మేడమ్, తెర ఏం చెబితే అదే నమ్ముతాం. నాకు మౌసు పట్టుకోవడం కూడా సరిగా రాదు."

నీహారిక తలుపు దగ్గరికి వచ్చి, లోపలి నుంచి తలుపు తీసే ఇనుప పిడిని తిప్పింది. అది ఎక్కడా పట్టు లేకుండా బొంగరంలా తిరిగింది. వంగి చూసింది. పిడికి రంగు వేసి చాలా ఏళ్లయింది. దాన్ని బిగించిన మర మాత్రం నెత్తిన కొత్తగా గీసుకుపోయి తళతళలాడుతోంది.

"ఇదెప్పుడు పాడైంది?"

"పాడైందా?" దుర్గేష్ కూడా వంగి చూశాడు. "నాకు తెలియనే తెలియదు. ఉండండి, బయట లారీ వచ్చినట్టుంది, చూసొస్తాను."

అతను వెళ్లాక నీహారిక ఒక్కతే ఆ నీలం వెలుతురులో నిలబడింది. అంజిలయ్యను ఎవరైనా ఎందుకు చంపుతారు? మూడు రోజులుగా అందరినీ ఇదే అడుగుతోంది. చెరువులో చేపలు పట్టుకుని బతికి, ఒళ్లు సహకరించక ఇక్కడ పనికి చేరిన మనిషి. పగవాళ్లు లేరు. ఒకరితో మాటా మాటా అనుకున్న దాఖలా లేదు. అలాంటి మనిషి కోసం ఎవరూ పిడి మర వదులు చేయరు.

కంట్రోల్ రూములో జైపాల్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు ఒక బీమా కంపెనీ తరఫున పరిశోధన చేస్తున్నాడు. ప్రైవేటు డిటెక్టివులంటే అతనికి మొదటి నుంచీ గిట్టదు. ఆడ డిటెక్టివు అంటే నవ్వొస్తుంది, ఆ నవ్వును దాచుకోడు కూడా.

మూల కుర్చీలో శివాని ముడుచుకుని ఉంది. ఇక్కడికి దగ్గర్లోని రైతు కుటుంబం పిల్ల. శేరిగూడ వైపు ఇంజినీరింగ్ చదివి, పోయినేడు ఈ తెర మీద అంకెలు చూపే ప్రోగ్రాము రాసింది ఆమే. నీహారికను పిలిపించుకున్నదీ ఆమే.

"వచ్చినవా మేడం," అన్నాడు జైపాల్. "ఆపిల్ పండ్ల వాసన సూసుకుంట ఎంతసేపు తిరుగుతవ్? కేసు ఖతమైంది. గీ పొల్ల రాసిన తెర తప్పు అంకె సూపెట్టింది. గాయన నమ్మి లోపటికి పోయిండు. గంతే. పొద్దుమీకి రిపోర్టు టేషన్ల ఇస్త. తర్వాత పోలీసోళ్లు, ఈమె."

"తప్పు అంకె ఎందుకు చూపించింది? అది చెప్పండి."

"ఎందుకేంది?" జైపాల్ వేలు పైకెత్తి బడిలో అప్పజెప్పినట్టు చెప్పాడు. "మీటరు సదివేది పాత ప్రోగ్రాము. తెర మీద సూపెట్టేది ఈమె రాసిన కొత్త ప్రోగ్రాము. పాతది కొత్తదానికి పంపే సమాచారంల, గది నంబరుకు ఆక్సిజన్ అంకెకు నడుమ నాలుగు బైట్ల ఖాళీ ఉంటది. ఈమె గా ఖాళీ మర్చిపోయింది. అంకెలన్నీ పక్కకు జరిగినయ్. సమజైందా?"

నీహారిక అతని వైపు ఒక క్షణం చూసింది. "ఆ ఖాళీ సంగతి మీకు ఎవరు చెప్పారు?"

"దుర్గేష్. ఏం, తప్పా?"

మౌసు పట్టుకోవడం రాని మనిషి బైట్ల లెక్క చెప్పాడు. నీహారిక కుర్చీ లాక్కుని శివాని పక్కన కూర్చుంది.

"నాకు అర్థమయ్యేలా చెప్పు. రెండు ప్రోగ్రాములు ఎందుకు?"

"పాతది యంత్రానికి దగ్గరగా రాసింది అక్కా. ప్రతి బైటును అదే పట్టుకుని సూసుకుంటది. అందుకే మీటర్లతోని, తలుపులతోని అదే మాట్లాడగల్గుతది. నాది డాట్‌నెట్ అనే కొత్త పద్ధతిల రాసిన. దానికి బైట్ల ఫికర్ ఉండది, కింద ఇంకో వ్యవస్థ అన్నీ సూసుకుంటది. ఇద్దరి తీరు వేరు. అందుకే ఒకరికొకరు పంపుకునేది ఎట్ల సర్దాలో ముందే ఒప్పుకోవాలె." శివాని చేతులతో గాలిలో గిన్నెలు పేర్చింది. "టిఫిన్ క్యారియర్ లెక్క అనుకో. కింది గిన్నెల గది నంబరు. దాని మీద ఒక ఖాళీ గిన్నె. దాని మీద ఆక్సిజన్. తర్వాత చలి ఎంతుందో. అన్నిటికన్నా పైన తలుపు తెరిచుందా, మూసుందా. ఖాళీ గిన్నె ఉన్నదని తెల్వనోడు అన్నం గిన్నె అనుకుని దాన్నే తెరుస్తడు."

"నువ్వు మర్చిపోయావా?"

"లేదక్కా. మర్చిపోలే." ఆ పిల్ల కళ్లు నీళ్లతో నిండాయి. "నిన్న నర్సింహమ్మ మా ఇంటికొచ్చింది. అంజిలయ్య పెండ్లాం. తిట్టలే, ఏడ్వలే. గడప మీద కూసుని, 'నువ్వు రాసిన డబ్బ సూసే పోయిండట గదా బిడ్డా' అన్నది. నేనేం జెప్పాలె?"

జైపాల్ గోడ వైపు తల తిప్పుకున్నాడు. అతనికీ ఆ మాట ఎక్కడో తగిలినట్టే ఉంది.

"ఒక మాట చెప్పు శివానీ," అంది నీహారిక. "నిజంగానే ఖాళీ మర్చిపోయి ఉంటే, తెర మీద ఏ అంకె వచ్చేది?"

"అంకెనే రాదక్కా. సగం ఇటుది, సగం అటుది కలిసి పిచ్చి పిచ్చిగ వస్తది. సున్నా లాగనో, తెర పట్టనంత పొడుగో."

"ఇరవై పాయింట్ తొమ్మిది రాదా?"

"రాదు."

నీహారిక జైపాల్ వైపు తిరిగింది. "విన్నారా? పొరపాటు వల్ల వచ్చే అంకె ఇంత పొందిగ్గా ఉండదండీ. గదిలో ఆరు ఉంటే, తెర మీద సరిగ్గా మనిషి లోపలికి పోవడానికి ఎంత కావాలో అంతే వచ్చింది. ఆ రోజు మిగతా గదుల అంకెలు సరిగ్గా ఉన్నాయి. ఆ గది చలి కూడా సరిగ్గా ఉంది. ఒక్క ఆక్సిజనే మారింది. ఎవరో కావాలని మార్చారు."

"ఎవరు మారుస్తరు? నడుమ దయ్యం కూసున్నదా?"

జవాబు చెప్పేలోగా తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. గోపాలరావు గారు. తెల్ల పంచె, ఉలెన్ కోటు, మోకాళ్ల మీద చేతులు వేసుకుని నడిచే అలవాటు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి ఇరవై ఏళ్లు దాటినా మాటలో ఆ ఊరు పోలేదు.

"ఏమ్మా, తేలిందా? అంజిలయ్య పోయాక నాకు నిద్ర లేదు. రింగు రోడ్డు వస్తోంది, ఈ స్థలం ప్లాట్లు వేసి అమ్మేద్దామని ఊరంతా ఒకటే పోరు. మా దుర్గేష్‌దీ అదే పాట. నా ఊపిరి ఉండగా కాదన్నాను. ఇప్పుడు ఇలా ఒక ప్రాణం పోయాక, ఎవరి కోసం పట్టుకు కూర్చున్నానా అనిపిస్తోంది." ఆయన జైపాల్ భుజం తట్టాడు. "రండి, మీరూ ఒక కాయ కొరికి చూద్దురు గాని. శుక్రవారం కదా, రుచి చూడాలి నేను. ఇంకెన్నాళ్లు ఆగుతాయో నా నాలికే చెబుతుంది."

"తెరను నమ్ముతున్నారా ఇంకా?" అంది నీహారిక.

"తెరను కాదమ్మా. రాత్రంతా ఫ్యాన్లు తిప్పి గాలి మార్పించారు."

జైపాల్ లేచాడు. "పద పెద్దాయనా. మేడం దయ్యాన్ని పట్టేలోపు మనం పండు తినొద్దాం."

వాళ్లు వెళ్లిపోయారు. కిటికీ అద్దం మీద మధ్యాహ్నపు ఎండ పల్చగా, పాలమీగడలా పరుచుకుంది. గదిలో యంత్రాల రొద ఒక జోల లాగా సాగుతోంది. నీహారిక ఆ రొదలో జైపాల్ మాటను మళ్లీ విన్నది. నడుమ దయ్యం కూర్చున్నదా?

"శివానీ. ఆ పాత ప్రోగ్రాము నీ తెరను ఎలా గుర్తుపడుతుంది?"

"పేరు పట్టి. నా విండో, అంటే తెర మీద తెరుచుకునే కిటికీ, దాని పేరు 'ఫలశ్రీ మానిటర్'. ఆ పేరున్న కిటికీ యాడుందో వెతికి, దొరకంగనే దానికి ఇచ్చేస్తది."

"అదే పేరుతో ఇంకో కిటికీ ఉంటే?"

శివాని చెయ్యి కీబోర్డు మీద ఆగింది. ఆమె మొహంలో రంగు దిగిపోవడం నీహారికకు కనిపించింది.

"ముందు దొరికినదానికి ఇస్తది," అంది చాలా మెల్లగా.

కంప్యూటర్‌లో తెరిచి ఉన్న కిటికీలన్నిటినీ, కంటికి కనిపించేవీ కనిపించనివీ, చూపించే చిన్న పనిముట్టు ఒకటి శివాని దగ్గర ఉంది. దాన్ని నడిపింది. పేర్లు వరసగా దిగాయి. ఫలశ్రీ మానిటర్. ఇంకో నాలుగు పేర్లు. మళ్లీ ఫలశ్రీ మానిటర్.

"ఇది నాది కాదక్కా. దీనికి వెడల్పు లేదు, ఎత్తు లేదు. తెర మీద ఉంటది కానీ కనపడది. పాతది పంపే క్యారియర్ దీనికే వస్తున్నది. ఇది విప్పి, ఆక్సిజన్ గిన్నె మార్చి, మళ్ల మూతపెట్టి నాకు పంపుతున్నది." ఆమె తెర మీద ఆ రెండో పేరుకు వేలు ఆనించింది. "ఖాళీ గిన్నెతో సహా అన్నీ తెలిసినోడే గిది రాసిండు. పాత ప్రోగ్రాము రాసిన కంపెనీ మూతపడ్డది. గిన్నెల అమరిక రాసిన కాయితం నాకు తెచ్చిచ్చింది దుర్గేష్ సారు ఒక్కడే."

నీహారిక ఫోనుతో తెరను ఫొటో తీసింది. ఆ దొంగ ప్రోగ్రామును శివాని చేత ఒక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని జేబులో వేసుకుంది.

"ఇప్పుడు దాన్ని మూసెయ్."

శివాని మూసేసింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత అసలు తెర మీద ఆరు గదుల అంకెల్లో పచ్చగా ఉన్న ఒకటి రెప్ప కొట్టినట్టు ఆరిపోయి, ఎర్రగా వెలిగింది.

ఐదో గది. ఆరు పాయింట్ నాలుగు. తలుపు తెరిచి ఉంది.

"అక్కా," అంది శివాని. "శుక్రవారం రుచి సూడనీకి ఒక్క గదే తెరుస్తరు."

నీహారిక అప్పటికే పరుగెత్తుతోంది.

ఐదో గది తలుపు మనిషి పట్టేంత సందు వదిలి జారవేసి ఉంది. గడప లోపలే జైపాల్ కూర్చుని ఉన్నాడు. చేతిలో కొరికిన ఆపిల్. ఆమెను చూసి నవ్వాడు. ఎంతో కాలానికి కనిపించిన చుట్టాన్ని చూసి నవ్వినట్టు, ప్రేమగా.

"రా మేడం. కూసో. మస్తు హాయిగ ఉన్నది."

గోపాలరావు గారు ఇంకా లోపల, పెట్టెల మధ్య, పక్కకు ఒరిగి ఉన్నారు. నీహారిక గుండె నిండా గాలి పీల్చి లోపలికి దూకింది. ఆయన చంకల్లో చేతులు వేసి లాగింది. ముసలాయన బరువు లేడు, నీళ్లలో తేలే మనిషిలా వచ్చాడు. నేల మీద నీలం వెలుతురు అలలు అలలుగా కదులుతోంది. గుమ్మం ఇంకాస్త దూరం ఉందనగా, వెనక నుంచి నెట్టినట్టు తలుపు జారడం మొదలైంది. బయటి ఎండ ఒక గీతయింది. ఆ గీత కూడా పోయింది.

పిడి పట్టుకుని తిప్పింది. అది బొంగరంలా తిరిగింది.

ఎంతసేపు ఊపిరి బిగబట్టిందో ఆమెకు తెలియదు. తలుపు మీద గుద్దింది. గుద్దిన చప్పుడు ఎక్కడో పక్కింట్లో వినిపించినట్టుంది. ఆఖరికి ఊపిరి తీసుకోక తప్పలేదు. నొప్పేమీ లేదు. తియ్యటి వాసన, అంతే. ఇంకొకటి తీసుకుంది. భయం మెల్లగా చెప్పులు విప్పుకుని వెళ్లిపోయింది. తను నాదర్‌గుల్‌లో తన ఇంటి డాబా మీద వెల్లకిలా పడుకుని ఉంది. పైన శిక్షణ విమానం ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. రోజూ తిరిగేదే. అంత చిన్న విమానం, అంత మెత్తటి రొద. ఆ రొద దగ్గరవుతోంది, ఇంకా దగ్గరవుతోంది. మొహం మీద గాలి కొడుతోంది.

విమానం ఇంత కిందికి దిగకూడదే, అనుకుంది నీహారిక.

అది విమానం కాదు. ఐదో గది ఫ్యాన్లు. బయటి గాలిని లోపలికి తోసే రెండు పెద్ద ఫ్యాన్లూ పూర్తి వేగంతో తిరుగుతున్నాయి. తలుపు ఆమె కళ్ల ముందే, ఎవరి చెయ్యీ పడకుండా, దానంతట అదే తెరుచుకుంటోంది.

జరిగిందేమిటో ఆమెకు తర్వాత తెలిసింది. తెర మీద ఐదో గది వరసలో చివరి మాట 'తెరిచి ఉంది' నుంచి 'మూసి ఉంది'కి మారడం శివాని చూసింది. బయటికి పరుగెత్తితే అందదు. బయట తలుపు మూసే మీట దగ్గర ఎవరున్నారో తెలియదు. అందుకని ఈసారి క్యారియర్‌ను ఆమే కట్టింది. కొత్త ప్రోగ్రాము నుంచి పాతదానికి, వెనక్కి. గది నంబరు ఐదు, నాలుగు బైట్ల ఖాళీ, ఫ్యాన్లు తిప్పు, తలుపు తెరువు. ఒక్క గిన్నె అటూ ఇటూ అయినా ఆ పాత యంత్రం వినేది కాదు.

అది విన్నది.

నీహారికా జైపాలూ ముసలాయనను గడప దాటించి ఎండలో పడుకోబెట్టారు. జైపాల్ వరండా గచ్చు మీద చతికిలబడి, చేపలా నోరు తెరిచి గాలి మింగాడు. కంట్రోల్ రూము మెట్ల మీద నుంచి శివాని పరుగెత్తి వస్తోంది. జైపాల్ ఆమెనూ, తెరుచుకున్న తలుపునూ మార్చి మార్చి చూశాడు.

"ఖాళీ మర్చిపోలే," అన్నాడు తనలో తనే అనుకున్నట్టు. "గా పొల్ల మర్చిపోలే."

తలుపు మీట పక్కన దుర్గేష్ నిలబడి ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. "తలుపు దానంతట అదే మూసుకుంది మేడమ్," అన్నాడు. "తెరుద్దామనే వచ్చాను. మావయ్యా! మావయ్యా, ఎలా ఉంది?"

గోపాలరావు గారు కళ్లు తెరిచారు. ఆయనింకా ఆ నీలం నీళ్లలోంచి పూర్తిగా పైకి రాలేదు. మేనల్లుణ్ని చూసి, కలలో పలకరించినట్టు నవ్వారు.

"నువ్వు చెప్పింది నిజమేరా. ఐదో గదిలోవి తియ్యగా ఉన్నాయి."

 దుర్గేష్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పోయిన వారం మూడో గది అన్నావు," ముసలాయన నిదానంగా, గుర్తు చేసుకుంటూ అన్నారు. "నిశ్చింతగా పో మావయ్యా, గాలి మార్పించాను అన్నావు. ఆ రోజు మోకాళ్లు లేవలేదు నాకు. అందుకని అంజిలయ్యను, నా బదులు నువ్వెళ్లి ఒక కాయ పట్టుకురా అని..."

ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. కలలోంచి మెలకువలోకి ఒక మనిషి రావడం నీహారిక అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆ కళ్లలోకి ముందు ఎండ వచ్చింది, తర్వాత ఆ వరండా, ఆ తర్వాత ఎదురుగా నిలబడ్డ చెల్లెలి కొడుకు.

దుర్గేష్ గేటు వైపు తిరిగాడు. గచ్చు మీద కూర్చున్న జైపాల్ లేవలేదు. లేచే శక్తి లేదు. చెయ్యి చాపి అతని చీలమండ పట్టుకున్నాడు.

"యాడికి పోతవ్ తమ్మీ," అన్నాడు. "కూసో."

గోపాలరావు గారు మోచేతి మీద లేవబోయారు. శివాని పట్టుకుంది. ఆయన ఆ పిల్ల మొహం చూడలేకపోయారు. చుట్టూ చూసి, ఎవరిని అడగాలో తెలియనట్టు నీహారికను అడిగారు.

"అయితే అమ్మా, అంజిలయ్య చచ్చింది నా చావా?"